క్లెయిముల దగ్గర శభాష్, జోస్యం దగ్గర జాగ్రత్త: ఏడాదిన్నర వాడిన సేల్స్ సాఫ్ట్‌వేర్ సంగతి

సబ్బులు, షాంపూలు, బట్టల పౌడర్లు తయారుచేసే కంపెనీలో సేల్స్ లెక్కలు చూడటం నా పని. ఏడాదిన్నర క్రితం మావాళ్లు ఒక కస్టమర్ మేనేజ్‌మెంట్, అనలిటిక్స్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు, కన్స్యూమర్ గూడ్స్ కంపెనీల కోసమే ప్రత్యేకంగా తయారుచేశామని చెప్పుకునే రకం. పేరు చెప్పను. నేను పెట్టబోయే చీవాట్లలో సగం మా కంపెనీకే తగులుతాయి, మిగతా సగం ఈ తరహా సాఫ్ట్‌వేర్లన్నిటికీ కొద్దో గొప్పో తగులుతాయి, కాబట్టి ఒక్కరి పేరు రాసి ప్రయోజనం లేదు. తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాను: ఆర్డర్లు, స్కీములు (షాపులకిచ్చే ఆఫర్లు), క్లెయిములు (ఆ ఆఫర్ల డబ్బు తిరిగివ్వమని డిస్ట్రిబ్యూటర్ అడిగేవి), వీటి లెక్కలు ఇది చక్కగా చేస్తుంది. ఏ స్కీము లాభం తెచ్చింది, ఏ షాపు మనల్ని వదిలేయబోతోంది, వచ్చే వారం ఎంత ఆర్డర్ పెట్టాలి అని జోస్యం చెప్పడం మొదలుపెట్టినప్పుడు మాత్రం పక్కన లెక్క తెలిసిన మనిషి ఒకరు ఉండి తీరాలి.

మామూలు సీఆర్ఎం, అంటే అన్ని రంగాలవాళ్లూ వాడే కస్టమర్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్, సరిపోదా అని మా ఫైనాన్స్ వాళ్లు మొదట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ రకం సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల్లో 1993లో సీబెల్ మొదలైనప్పుడైనా, 1999లో సేల్స్‌ఫోర్స్ వచ్చినప్పుడైనా, సీఆర్ఎం అనగానే కళ్లముందు కదిలే బొమ్మ ఒకటే: ఒక సేల్స్ మనిషి, అతని చేతిలో నాలుగైదు పెద్ద బేరాలు, ఒక్కో బేరం ఎంతవరకు వచ్చిందో చూపించే పట్టిక. మా వ్యాపారంలో అలాంటి బేరమే లేదు. అదే మనిషి అదే షాపుకి వారంలో అదే రోజు వెళ్తాడు, ఏడాది పొడుగునా వెళ్తూనే ఉంటాడు. ఈసారి ఎన్ని రకాలు తీసుకున్నారు, షెల్ఫ్‌లో కంటికి ఎదురుగా పెట్టారా, కింది అరలో మూలకి నెట్టారా, పోయిన నెల స్కీము డబ్బు ఇంకా రాలేదని అలిగారా, ఇవీ మా ప్రశ్నలు. అందుకే బీట్ ప్లాన్లు (ఎవరు ఏ రోజు ఏ షాపులకి వెళ్లాలన్న పట్టికలు), షెల్ఫ్ ఫోటోలు, ట్రేడ్ ప్రమోషన్లు (అవే స్కీములు), క్లెయిములు కలిపి ఈ రంగానికి విడిగా సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. సేల్స్‌ఫోర్స్ కూడా 2019లో కన్స్యూమర్ గూడ్స్ క్లౌడ్ అని వేరేగా తెచ్చింది. ఎస్ఏపీ దగ్గరా, ఒరాకిల్ దగ్గరా ఉన్నాయి, ఇక చిన్న కంపెనీలవి చెప్పక్కర్లేదు.

అయితే ఇవన్నీ 'కస్టమర్' అనే మాటని చాలా తేలిగ్గా వాడేస్తాయి, అక్కడే మొదటి తిరకాసు. మేం సరుకు అమ్మేది డిస్ట్రిబ్యూటర్‌కి, అది ప్రైమరీ. డిస్ట్రిబ్యూటర్ షాపుకి అమ్మితే సెకండరీ. షాపు నుంచి ఇంటికి తీసుకెళ్లి తలకి రాసుకునే మనిషి మూడో మెట్టు మీద ఉంటుంది, ఆవిడ ఎవరో మాకు తెలియదు. ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్లో మొదటిసారి బార్‌కోడ్ స్కాన్ చేసిన 1974 నుంచీ ఆఖరి అమ్మకం వివరం పుట్టేది రిటైలర్ దగ్గరే, వస్తువు తయారుచేసినవాళ్లు దాన్ని రిటైలర్‌ని అడిగి తెచ్చుకోవాలి, లేదంటే నీల్సన్‌ఐక్యూ, సర్కానా లాంటి మార్కెట్ లెక్కలు అమ్మే కంపెనీల దగ్గర కొనుక్కోవాలి. డెమోలో మాత్రం 'కస్టమర్ సమగ్ర చిత్రం' అని ఒక స్క్రీన్ చూపించారు. గుండ్రటి బొమ్మ, చుట్టూ రంగురంగుల గీతలు. మా డైరెక్టర్‌గారు ఆ బొమ్మ చూసే పడిపోయారు. ఆ చిత్రం షాపుదా, షాపుకొచ్చే మనిషిదా అని అడుగుదామనుకునేలోపే తర్వాతి స్లైడ్ వచ్చేసింది. తీరా సరుకు వాడే మనిషి గురించి మా దగ్గర ఉన్నవి ఒక పాత లక్కీ డ్రా ఫోన్ నంబర్లు, కస్టమర్ కేర్‌కి వచ్చిన ఫిర్యాదులు. ఆ మాడ్యూల్‌లో ఏడాదిన్నరగా గుండ్రటి బొమ్మ గుండ్రంగానే ఉంది.

కొనబోయేవాళ్లు డెమో రోజే ఒక్క పని చేయండి. వాళ్ల డేటాతో చూపించనివ్వకండి. మీ అవుట్‌లెట్ మాస్టర్‌లోంచి, అంటే మీరు అమ్మే షాపులన్నిటి జాబితాలోంచి, ఒక ప్రాంతం షాపుల లిస్టు, ఉన్నది ఉన్నట్టుగా, తప్పులతో సహా ఇచ్చి దాంతో నడిపించమనండి. మేం ఆ పని చేయలేదు. చేసుంటే మొదటి నాలుగు నెలలు మిగిలేవి.

ఎందుకంటే మా లిస్టు ఒక అడవి. ఒకే షాపు ఇద్దరు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర రెండు కోడ్‌లతో ఉంటుంది, ఒకచోట ఓనర్ పేరు మీద, ఇంకోచోట బోర్డు మీదున్న పేరుతో. సబ్బులు ఒక కోడ్ మీద, షాంపూలు ఇంకో కోడ్ మీద బిల్లవుతాయి. సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి రెండు షాపులనుకుని, 'ఈ షాపు సబ్బులే కొంటోంది, షాంపూ అమ్మే అవకాశం ఉంది' అని షాపులకి తిరిగే మా సేల్స్ కుర్రాడికి సలహా పంపుతుంది. అతను వెళ్లి షాంపూ తీసుకోండి అంటే, ఇందాకే కదయ్యా మీవాడు దించి వెళ్లాడు అని షాపాయన నవ్వుతాడు. మూతపడ్డ షాపుల సంగతి ఇంకో కథ. లిస్టులో 100 షాపులున్నాయి, 60 షాపుల్లో మన సరుకు దొరుకుతోంది అనుకోండి, డాష్‌బోర్డ్ మీద డిస్ట్రిబ్యూషన్ 60 శాతం. ఆ వందలో 20 ఎప్పుడో షట్టర్ దించేసినవైతే అసలు లెక్క 75 శాతం. 60 చూసి మేనేజర్ కొత్త షాపులు పట్టుకురమ్మని కేకలేస్తాడు, నిజానికి అక్కడ కొత్తగా పట్టడానికి పెద్దగా మిగల్లేదు. డూప్లికేట్లు పట్టే టూల్ ఇందులో ఉంది, ఫోన్ నంబరు, లొకేషన్, పేరు పోల్చి అనుమానం ఉన్న జంటలు చూపిస్తుంది, బాగానే పట్టింది కూడా. కానీ కలపాలా వద్దా అని తేల్చాల్సింది మనిషే. అన్నదమ్ములు పక్కపక్కనే రెండు షాపులు పెట్టుకుని ఒకే ఫోన్ నంబరు ఇచ్చిన చోట మేం రెంటినీ కలిపేశాం, ఒకరి క్లెయిము ఇంకొకరి ఖాతాలో పడింది, తర్వాత ఇద్దరూ మమ్మల్ని కలిపి తిట్టారు. అప్పుడు తెలిసింది కలిపినదాన్ని విడదీసే బటన్ ఇందులో లేదని. కొనేముందు అడగాల్సిన ప్రశ్నల్లో దీన్ని పై వరసలో రాసుకోండి.

ఇప్పుడు మంచి మాట. క్లెయిములు.

ఇంతకుముందు మా దగ్గర స్కీము అంటే వాట్సాప్‌లో ఒక సర్క్యులర్ ఫోటో. 12 కొంటే 1 ఫ్రీ, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు. డిస్ట్రిబ్యూటర్ ఫ్రీ సరుకు తన స్టాక్‌లోంచి ఇచ్చేస్తాడు, నెలాఖరుకి ఒక ఎక్సెల్ షీటు పంపుతాడు, మేం బిల్లులతో పోల్చి చూసి క్రెడిట్ నోట్ ఇవ్వాలి. పోల్చి చూసేది ఎవరు? ఇద్దరు మనుషులు, వందల షీట్లు. కొన్ని వరసలు గిల్లి చూసి మిగతావి దేవుడి మీద భారం వేసి పాస్ చేసేవాళ్లం. కోపం వచ్చిన నెలలో మొత్తం ఆపేసేవాళ్లం. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ సరుకు ఎత్తడం ఆపేసేవాడు. ఇప్పుడు స్కీము సాఫ్ట్‌వేర్‌లోనే పుడుతుంది, ఏ ఎస్‌కేయూ (అంటే ఏ సరుకు, ఏ సైజు), ఏ రకం షాపులు, ఏ తేదీలు, ఒక షాపుకి గరిష్ఠంగా ఎంత అన్నీ అందులోనే ఉంటాయి, ఆర్డర్ పెట్టేటప్పుడే ఫ్రీ సరుకు దానంతటదే లెక్కకొస్తుంది, బిల్లు అయిన ప్రతి వరసకి ఏ స్కీము తగిలిందో గుర్తు పడుతుంది. నెలాఖరుకి డిస్ట్రిబ్యూటర్ అడిగింది ఒక పక్క, సిస్టమ్ లెక్క ఇంకో పక్క, తేడా ఉన్న వరసలే ఎర్రగా కనిపిస్తాయి. తేదీ దాటాక కొట్టిన బిల్లులు, వాపస్ వచ్చిన సరుకు మీద కూడా అడిగిన క్లెయిములు, ఒకే బిల్లు రెండు స్కీముల కింద పెట్టినవి, ఇవన్నీ మేం జన్మలో పట్టేవాళ్లం కాదు. ఇంకో విచిత్రం ఏంటంటే, కొందరు డిస్ట్రిబ్యూటర్లు తమకి రావాల్సినదానికన్నా తక్కువ అడుగుతున్నారని కూడా తేలింది. వాళ్లకి మిగతాది మేమే ఇచ్చాం. ఆ ఒక్క పనితో వచ్చిన మర్యాద ఏ మీటింగ్‌తోనూ రాలేదు.

ఫైనాన్స్ వాళ్లకి దీంతో ఇంకో ఊరట. 2018 నుంచి అమల్లో ఉన్న ఐఎఫ్ఆర్ఎస్ 15 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ నియమం ప్రకారం, కొనేవాళ్లకి మనం తిరిగి ఇచ్చే ఈ డబ్బుని ఆదాయంలోంచి తగ్గించి చూపాలి, బదులుగా వాళ్ల దగ్గర విడిగా ఏదైనా సేవ తీసుకుంటే తప్ప. అంటే నెల ముగిసేసరికి ఇంకా రాని క్లెయిములకి కూడా అంచనా కట్టి పక్కన పెట్టాలి. పాత పద్ధతిలో ఆ అంచనా ఒక పెద్దాయన నోటిమాట. ఇప్పుడు బిల్లుల్లోంచి నేరుగా వస్తోంది. మంత్ ఎండ్ టెన్షన్ సగం తగ్గింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఇంతకన్నా గొప్పది ఇంకేం లేదు, ఇది చాలని కూడా నా ఉద్దేశం. వెండర్ మాత్రం డెమోలో క్లెయిములకి రెండు నిమిషాలు ఇచ్చి, ఏఐకి గంట తీసుకున్నాడు.

ఆ ఏఐ, అనలిటిక్స్ దగ్గరికే వద్దాం. 'స్కీము వల్ల అమ్మకాలు ఎంత పెరిగాయి' అని చూపే రిపోర్టు మా సేల్స్ హెడ్‌కి ప్రాణం. ప్రతి స్కీమూ అందులో పాసైపోతుంది, అదే నాకు అనుమానం తెప్పించింది. లెక్క ఇలా ఉంటుంది. ఒక సబ్బు వారానికి 1,000 పీసులు పోతోందనుకోండి. మూడు వారాలు 10 శాతం తగ్గింపు ఇచ్చాం, వారానికి 1,600 పోయాయి. సాఫ్ట్‌వేర్ వెంటనే ఆకుపచ్చ బాణం వేసి, 60 శాతం పెరుగుదల, అదనంగా 1,800 పీసులు అంటుంది. తర్వాత నాలుగు వారాలు ఏమైంది? షాపువాళ్లు చవగ్గా వచ్చినప్పుడే నింపుకున్నారు కాబట్టి వారానికి 650 మాత్రమే ఎత్తారు. అక్కడ పోయింది 1,400. నికరంగా అదనం 400 పీసులు. తగ్గింపు ఇచ్చింది మాత్రం ఆ 400 మీద కాదు, మూడు వారాల్లో పోయిన 4,800 మీద, అంటే 480 పీసుల విలువ వదులుకున్నాం. 400 పీసులు ఎక్కువ అమ్మడానికి 480 పీసుల డబ్బు ఇచ్చాం. ఆకుపచ్చ బాణం మాత్రం అలాగే వెలుగుతోంది.

అంతటితో అయిపోతే బాగుండు. 'బేస్‌లైన్', అంటే స్కీము లేకపోతే ఎంత అమ్ముడుపోయేది అన్న అంచనా, ఇందులో స్కీము లేని వారాల సగటు. ఆ స్కీము లేని వారాల్లో ఇందాకటి 650 వారాలు కూడా ఉంటాయి కదా. నాలుగు వారాలు 1,000, నాలుగు వారాలు 650 అయితే సగటు 825. తర్వాతి స్కీములో మళ్లీ అదే 1,600 పోతే సాఫ్ట్‌వేర్ ఈసారి దాన్ని 94 శాతం పెరుగుదల అంటుంది! అంటే స్కీములు ఎంత ఎక్కువగా పెడితే బేస్‌లైన్ అంత కిందికి దిగుతుంది, తర్వాతి స్కీము అంత గొప్పగా కనిపిస్తుంది. తాను తవ్విన గోతిలో నిలబడ్డవాడి ఎత్తుతో పోల్చుకుని నేనెంత పొడుగో అన్నట్టు. సెట్టింగ్‌లలో 'స్కీము తర్వాతి వారాలు మినహాయించు' అనే ఆప్షన్ ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని కనిపెట్టడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆన్ చేశాక వచ్చిన రిపోర్టు మా సేల్స్ హెడ్‌కి నచ్చలేదు. ఇప్పుడు మీటింగ్‌కి రెండు రిపోర్టులు వెళ్తున్నాయి, ఏది తెరపైకి వస్తుందో ఆ రోజు ల్యాప్‌టాప్ ఎవరిదో దాన్ని బట్టి ఉంటుంది.

ఈ నింపుకోవడం జబ్బు కొత్తదేం కాదు. 1997లో లీ, పద్మనాభన్, వాంగ్ అనే ముగ్గురు రాసిన వ్యాసంలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పాంపర్స్ డైపర్ల ఉదాహరణ ఉంది: పిల్లలు డైపర్లు వాడే వేగం దాదాపు ఒకేలా ఉంటుంది, షాపుల అమ్మకాలు కొంచెం ఊగుతాయి, డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు ఇంకా ఎక్కువ ఊగుతాయి, కంపెనీ తన సరఫరాదారులకి పెట్టే ఆర్డర్లు అంతకన్నా ఎక్కువ. కొరడా పిడి దగ్గర కాస్త కదిపితే కొస ఎగిరిపడ్డట్టు అని దానికి బుల్‌విప్ అని పేరు. అలా ఊగడానికి వాళ్లు చెప్పిన నాలుగు కారణాల్లో ధరలు, ప్రమోషన్లు మాటిమాటికీ మార్చడం ఒకటి. మేం చేసేది సరిగ్గా అదే, మా సాఫ్ట్‌వేర్ దానికి మార్కులు వేస్తోంది.

దీని తమ్ముడే 'షాపు వదిలేసే ప్రమాదం' స్కోరు. ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు కొన్నారు, ఎంత కొన్నారు, ఈ మూడూ చూసి తగ్గుముఖం పట్టిన షాపులని ఎర్రగా చూపిస్తుంది. స్కీములో రెండు నెలల సరుకు దింపుకున్న షాపు తర్వాత ఆరు వారాలు ఆర్డర్ పెట్టదు కదా, వెంటనే ఎరుపు. ఒక నెల ఎర్ర లిస్టులో పైనున్న షాపులన్నీ మాకు అందరికన్నా నమ్మకమైన పెద్ద షాపులే. ఒక సూపర్‌వైజర్ ఆ లిస్టు పట్టుకుని వరసగా తిరిగి, మామీద ఏమైనా కోపమా అండీ అని అడిగొచ్చాడు. నిజంగా వదిలేస్తున్న షాపు వేరేలా ఉంటుంది, కొనే రకాలు ఒక్కొక్కటే తగ్గుతాయి. పది రకాలు తీసుకునేవాళ్లు ఏడుకి, ఏడు నుంచి నాలుగుకి. బిల్లు మొత్తం అంత త్వరగా తగ్గదు, కాబట్టి స్కోరుకి అది కనబడదు. ఇప్పుడు నేను స్కోరు వదిలేసి, షాపు వారీగా ఎన్ని రకాలు బిల్లవుతున్నాయన్న ఒక్క రిపోర్టు ప్రతి సోమవారం తీసి సూపర్‌వైజర్లకి పంపుతున్నాను. ఆ రిపోర్టు ఇందులోనే ఉంది, రెండు క్లిక్కుల పని, దాన్ని చూసి అబ్బా అనేవాళ్లు ఎవరూ లేరు, పనికొస్తోంది.

ఆర్డర్ సలహాలు సగం సగం. పాత ఆర్డర్లు చూసి ఈ షాపుకి ఇది ఇంత, అది అంత అని ముందే నింపి ఇస్తుంది, రోజువారీ రకాలకి నిజంగా టైము కలిసొస్తుంది. తిప్పలల్లా స్టాక్ లేని రోజులతోనే. డిస్ట్రిబ్యూటర్ దగ్గర మూడు వారాలు ఒక సైజు లేదు, అందుకని ఏ షాపుకీ బిల్లు కాలేదు. సాఫ్ట్‌వేర్ కంటికి అది గిరాకీ లేకపోవడం. కాబట్టి నాలుగో వారం సరుకొచ్చినా సలహా సున్నా, కుర్రాడు సలహా ప్రకారం పోతే మళ్లీ సున్నా, ఆ సున్నా చూసి ఇంకో సున్నా. అడిగారు కానీ ఇవ్వలేకపోయాం అన్న సంగతి రాసుకోవడానికి యాప్‌లో ఒక గడి ఉంది. అందులో రాస్తే అమ్మినట్టు లెక్కకి రాదు, టార్గెట్‌కి ఉపయోగం లేదు, ఎవరు రాస్తారు?

ప్యాక్ మార్పులతోనూ ఇదే గోల. బార్‌కోడ్‌లు చూసే జీఎస్1 నియమాల ప్రకారం ప్యాకెట్ మీద రాసే పరిమాణం మారితే కొత్త నంబరు తీసుకోవాలి. 100 మిల్లీలీటర్ల సీసాని 90 చేశామంటే సిస్టమ్‌కి అది కొత్త వస్తువు. పాత షాంపూ గ్రాఫ్ నేలకి తగులుతుంది, కొత్తది ఆకాశానికి లేస్తుంది, సంవత్సరపు టాప్ లాంచ్ అని డాష్‌బోర్డ్ సన్మానం చేస్తుంది. పాతదాన్నీ కొత్తదాన్నీ ముడివేసే సౌకర్యం ఉంది, కానీ ముడి వేయాలని గుర్తుండాల్సింది మనకి. మార్కెటింగ్ వాళ్లు మాకు చెప్పకుండా ప్యాక్ మార్చిన రెండుసార్లూ గుర్తులేదు. కొత్త లాంచ్ సక్సెస్ అని మెయిల్ కూడా వచ్చింది, జవాబు రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి ఊరుకున్నాను.

ఇక షాపు దగ్గర నిలబడి దీన్ని వాడే కుర్రాళ్ల మాట. నేను నెలకి రెండు రోజులు వాళ్లతో బీట్‌కి వెళ్తాను, అక్కడ చూసిందే చెప్తున్నాను. షాపులోకి అడుగుపెట్టగానే చెక్-ఇన్, షెల్ఫ్ ఫోటో, స్టాక్ లెక్క, సర్వే, అప్పుడు ఆర్డర్, ఆఖర్న చెక్-అవుట్. షాపాయన కౌంటర్లో నలుగురు మనుషులుంటారు, ఇతను ఫోను పట్టుకుని ఇంకో రెండు నిమిషాలండీ అంటుంటాడు. మొదట్లో సర్వేలో మూడు ప్రశ్నలుండేవి. మార్కెటింగ్ వాళ్లు నాలుగు పెంచారు, ట్రేనింగ్ వాళ్లు రెండు, కొత్త లాంచ్ ఉన్నప్పుడు ఇంకొన్ని. ఎవరికి వాళ్లకి చిన్న ప్రశ్నే. నేను ఒక నెల జవాబులు తీసి చూస్తే, దాదాపు ప్రతి ప్రశ్నకీ మొదటి ఆప్షనే. ఆప్షన్ల వరస తిరగేసి చూశాను, అప్పుడూ మొదటి ఆప్షనే! ఆ జవాబుల మీద గీసిన పై-చార్టులు అప్పటికే రెండు క్వార్టర్ల ప్రెజెంటేషన్లలో ఉన్నాయి. ఇప్పుడు ఒక విజిట్‌కి మూడుకి మించి ప్రశ్నలు ఉండకూడదని గొడవపడి సాధించాను, జవాబుల్లో కాస్త ప్రాణం వచ్చింది.

షెల్ఫ్ ఫోటో చూసి మన సరుకు ఎన్ని వరసలుంది, ప్లానోగ్రామ్ (ఏ సరుకు షెల్ఫ్‌లో ఎక్కడ ఉండాలో చూపే ప్లాన్) ప్రకారం ఉందా అని లెక్కపెట్టే భాగం చాలా బాగా పనిచేస్తుంది, వెలుతురు ఉంటే. ఇరుకు షాపుల్లో, గాజు తలుపు వెనక, ప్లాస్టిక్ కవర్ మీద వెలుగు మెరిసినచోట తడబడుతుంది. మెషిన్ కన్నా మనిషి తెలివైనవాడని మరిచిపోకండి: స్కోరు బోనస్‌కి ముడిపెట్టిన నెలలో మావాళ్లు షెల్ఫ్ ముందువైపు మన సరుకు సర్ది, ఫోటో తీసి, మళ్లీ షాపాయన సర్దుకున్నట్టే పెట్టి వచ్చేవాళ్లు. తప్పు వాళ్లదని నేననను. జీపీఎస్ కూడా అంతే. పెద్ద భవనంలో లోపలి షాపుకి వెళ్తే ఫోను నువ్వు ఇక్కడ లేవు పొమ్మంటుంది, పాపం బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి చెక్-ఇన్ కొట్టి మళ్లీ లోపలికి వెళ్లాలి. పరిధి కొంచెం పెంచమని అడిగితే సెట్టింగ్ ఉంది కానీ అన్ని షాపులకీ ఒకేసారి పెంచాలన్నారు.

ఆఫ్‌లైన్ బాగుంది, ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను. సిగ్నల్ లేనిచోట ఆర్డర్లు పోవు, తర్వాత సింక్ అవుతాయి. ఒక్కటే జాగ్రత్త: పొద్దున సింక్ చేయకుండా బయల్దేరితే ఫోన్లో నిన్నటి స్కీమే ఉంటుంది. కుర్రాడు పాత స్కీము చెప్పి ఆర్డర్ తీసుకుంటాడు, సాయంత్రం సర్వర్ కొత్త స్కీము వేస్తుంది, మర్నాడు బిల్లు చూసి షాపాయన మాట తప్పారంటాడు. మాట ఇచ్చింది మనిషి, తప్పింది సర్వర్, తిట్లు తినేది మళ్లీ మనిషే. మేం స్కీము మార్పులు వారం మొదట్లోనే చేయాలని నియమం పెట్టుకున్నాక తగ్గింది.

మొన్న కొత్తగా వచ్చిన ప్రశ్న-జవాబు ఏఐ గురించి రెండు ముక్కలు. పోయిన నెల అమ్మకాలు ఎంత అంటే ఒక అంకె, పోయిన నెల ఎంత అమ్మాం అంటే ఇంకో అంకె ఇచ్చింది. మొదటిది సెకండరీ, రెండోది ప్రైమరీ. రెండూ నిజమే, ఏది ఏదో మాత్రం చెప్పలేదు. సరుకు డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో కూర్చుందా, షాపుకి చేరిందా అన్నదే మా వ్యాపారంలో సగం తగాదా. ప్రశ్నలో ప్రైమరీయో సెకండరీయో స్పష్టంగా రాస్తే సరైన జవాబే ఇస్తుంది. అంత స్పష్టంగా రాయడం వచ్చినవాళ్లకి రిపోర్టు తీసుకోవడం కూడా వచ్చు.

సపోర్టు వాళ్లు మర్యాదస్తులు, టికెట్ పెడితే ఆ రోజే పలుకుతారు, సమస్య తీరడం మాత్రం ఆ రోజే జరగదు. లైసెన్సు మనిషికి ఇంత అని ఉంటుంది కాబట్టి డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేసే కుర్రాళ్లని కూడా లెక్కేసుకోండి, మేం మొదట్లో మా సొంత ఉద్యోగుల్నే లెక్కేసుకుని తర్వాత బడ్జెట్ కోసం తిరిగాం. ఈఆర్‌పీతో, అంటే కంపెనీ బిల్లులు, స్టాక్, ఖాతాలు నడిపే సాఫ్ట్‌వేర్‌తో, కలపడం చెప్పినదానికి రెట్టింపు టైము తీసుకుంది. కేసుల (సరుకు పెట్టెల) లెక్క, పీసుల లెక్క కలిసిపోవడం వల్ల ఒక వారం మా అమ్మకాలు పన్నెండు రెట్లు కనిపించాయి. ఆ వారం అందరూ చాలా ఆనందంగా ఉన్నారు.

ఎవరు కొనొచ్చు అంటే, డిస్ట్రిబ్యూటర్లు పదుల్లో ఉండి, స్కీములు నెలనెలా నడుస్తూ, క్లెయిములు రెండు మూడు నెలలు వెనకబడి ఉన్నవాళ్లు ఆలోచించకుండా కొనండి, అనలిటిక్స్ మాడ్యూల్ మాత్రం మొదటి ఏడాది పక్కన పెట్టండి. నాలుగైదు పెద్ద రిటైల్ చెయిన్లకే అమ్మేవాళ్లకి ఈ బీట్ ప్లాన్ల గొడవ అక్కర్లేదు, ప్రమోషన్ లెక్కల భాగం చాలు. షాపుల లిస్టు శుభ్రం చేసే ఓపిక లేనివాళ్లు ఎక్సెల్‌లోనే ఉండండి, అక్కడ కనీసం తప్పు ఎక్కడుందో కనబడుతుంది.

మాకు రెన్యువల్ రెండు నెలల్లో ఉంది. ఆర్డర్లు, క్లెయిములు ఉంచుతున్నాం, గుండ్రటి బొమ్మ మాడ్యూల్ తీసేస్తున్నాం. దానికోసం డేటా మొత్తం ఒకసారి బయటికి తీసి చూశాను, కాంట్రాక్టులో 'పూర్తి ఎక్స్‌పోర్ట్' అని రాసుంది కదా అని. ఆర్డర్లు వచ్చాయి, క్లెయిములు వచ్చాయి, ఏడాదిన్నర షెల్ఫ్ ఫోటోల చోట మాత్రం లింకులు వచ్చాయి, అవి అకౌంట్ ఉన్నంతవరకే తెరుచుకుంటాయట. సంతకం పెట్టేముందు ఆ ఒక్క పదం గురించి అడగండి. నేను ఇప్పుడు రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వెళ్లేముందు ఒక్కో నెల ఫోటోలు డౌన్‌లోడ్‌కి పెట్టి వెళ్తున్నాను, ఇంకా పదకొండు నెలలవి ఉన్నాయి.